ఎద్దు బొమ్మ, హార్డనర్ సీసా, నా ఎడమ కన్ను

నంద్యాలలో డిగ్రీ చదివిన మూడేళ్లలో కెమిస్ట్రీ ల్యాబులో నేను పగలగొట్టినన్ని పరీక్షనాళికలు మా క్లాసులో మరెవరూ పగలగొట్టలేదు. అయితే ఆ సంగతి సర్టిఫికెట్టు మీద రాయరు. అందువల్ల డెబ్బైల చివర్లో ఆ కాగితం చేతికందిన రోజు నుంచే నన్ను నేను శాస్త్రవేత్తల్లో కలిపేసుకున్నాను. మా నాయన మిషన్ బడిలో టీచరు. ఆదివారం ఆరాధన అయ్యాక చర్చి గేటు దగ్గర నిలబడి, ఎవరడిగినా అడగకపోయినా, "మావాడు కెమిస్ట్రీ" అనేవాడు. వినేవాళ్లకు అది ఉద్యోగమో జబ్బో అర్థమయ్యేది కాదు.

రెండేళ్ల పాటు అది ఉద్యోగం కాలేదు. ఆ తర్వాత బనగానపల్లె రోడ్డులో మూతపడిన పత్తి మిల్లు షెడ్డులో ఒకాయన ఫైబర్ కార్ఖానా తెరిచాడు. జొన్నా పత్తీ పండించే పాతకాలపు రైతు కుటుంబం ఆయనది. మద్రాసులో ఎక్కడో ఫైబర్ తొట్టిని ఒంటిచేత్తో ఎత్తి చూసి, ఇంటికొచ్చి సేద్యమంతా తమ్ముడికి అప్పజెప్పాడట. నేను పని కోసం వెళ్లిన రోజు ఆయన నన్ను అడిగింది ఒక్కటే ప్రశ్న.

"ఈ డబ్బాల మీద ఇంగ్లీషులో ఏందో రాసుంటాదప్పా. సదివి మావాళ్లకు చెప్పేటోడు కావల్ల. నీకు ఈ మందుల సంగతి తెలుసా?"

"తెలుసన్నా," అన్నాను. అంతవరకూ వాటి పేర్లు కూడా నేను విని ఎరగను.

పని నిజంగా తెలిసినవాడు అక్కడ ఒకడే ఉండేవాడు, మేస్త్రి. పగిడ్యాల దగ్గర పల్లె ఆయనది. బొంబాయిలో పదేళ్లు ఇదే పని చేసి వచ్చాడు. చదువు రాదు. కుడి చేతి మీద మణికట్టు నుంచి మోచేతి దాకా కాలిన మచ్చ ఉండేది. ఎండాకాలంలో కూడా నిండు చేతుల చొక్కా వేసుకునేవాడు. అది దర్జా కోసమని నేను అనుకునేవాణ్ని.

ఆ పనిలో ముఖ్యమైనవి మూడు. మొదటిది రెజిన్, చూడటానికి తేనెలాగా చిక్కగా ఉంటుంది. రెండోది కోబాల్టు, ఊదారంగు నీళ్లు. మూడోది హార్డనర్, మంచినీళ్లలాగా తెల్లగా, అమాయకంగా కనబడుతుంది. రెజిన్‌లో ముందు చుక్కలు చుక్కలుగా కోబాల్టు వేసి బాగా కలపాలి. తర్వాత హార్డనర్ వేసి మళ్లీ కలపాలి. అప్పుడు రెజిన్‌లోని పొడుగాటి పోగులు ఒకదానితో ఒకటి ముడిపడి వలలాగా అల్లుకుంటాయి. ఎంతసేపైనా కారుతూ ఉండే పదార్థం అరగంటలో రాయవుతుంది. ఆ రాయిలో బలం కోసం గాజుపీచు చాపలు పరిచి పొరమీద పొర పూస్తారు. ఆ చాపను మ్యాటు అంటారు. మొదటి నెలంతా ఆ గాజుపీచు ఒంటికి తగిలి నేను పగలూ రాత్రీ గోక్కుంటూ గడిపాను. ఇంట్లో మా అమ్మ నాకు గజ్జి పట్టిందని వేపాకు నీళ్లు కాచేది.

హార్డనర్ డబ్బాతో పాటు ఒక కాగితం వచ్చేది. యజమాని పనివాళ్లందర్నీ షెడ్డులో కూర్చోబెట్టి, దాన్ని తెలుగులో చెప్పమన్నాడు. నేను నిలబడి, గొంతు సవరించుకుని, "ఇది సేంద్రియ పెరాక్సైడ్ వర్గమునకు చెందిన అస్థిర సమ్మేళనము" అని మొదలుపెట్టాను. ఎదురుగా ఎనిమిది మంది. పావుగంటకు ఇద్దరు నిద్రపోయారు. మిగిలినవాళ్లు నా మీద జాలితో మెలకువగా ఉన్నారు. అంతా అయ్యాక ఒకామె, మ్యాటు కత్తిరించే ఆమె, మేస్త్రి వైపు తిరిగి, "ఏమంటాడన్నా?" అంది.

మేస్త్రి లేచి రెండు డబ్బాలనూ చూపించాడు. "ఊదా నీళ్లూ ఈ తెల్ల నీళ్లూ ఒకదాని మొగం ఒకటి సూడకూడదు. నడాన రెజిన్ ఉండల్ల. నేరుగా కలిసినాయంటే మంట లేస్తాది, పేలినా పేలుతాది. తెల్లది కంట్లో పడిందంటే కన్ను పోతాది. పడితే ఎవుర్నీ పిలవొద్దు, నీళ్లకాడికి పరిగెత్తల్ల. అంతే." అందరూ తలలూపి లేచి వెళ్లిపోయారు.

నాకు ఒళ్లు మండింది. నా పావుగంటను ఆయన అరనిమిషం చేసేశాడు. ఆ కసితో మర్నాడు ఒక నల్లబల్ల తెచ్చి, గుండ్రటి అక్షరాలతో నియమాలు రాసి గోడకు తగిలించాను. మొదటి నియమం, కళ్లద్దాలు లేనిదే హార్డనర్ ముట్టరాదు. మూడో నియమం, కంటిలో పడినచో కనీసం పదిహేను నిమిషములు ధారాళముగా మంచినీటితో కడుగవలెను. యజమాని తెప్పించిన కళ్లద్దాల్లో నాకూ ఒక జత ఇచ్చారు. నేను వాటిని కళ్లకు కాకుండా నుదుటి మీదికి తోసుకుని తిరిగేవాణ్ని. దించితే క్రాపు చెదిరేది. ఆ కాలంలో నా క్రాపు మీద నాకున్న గౌరవం నా కళ్ల మీద లేదు.

మేస్త్రికీ నాకూ ఇంకొక తగాదా కూడా ఉండేది. హార్డనర్ ప్లాస్టిక్ డబ్బా మూతకు సూది మొనంత రంధ్రం ఉంటుంది. చిన్న డబ్బాల్లోకి ఒంపుకున్నప్పుడు కూడా మేస్త్రి వాటి మూతలకు సూది కాల్చి రంధ్రం పెట్టేవాడు. అది కంపెనీవాళ్ల లోపమని నేననుకున్నాను.

"దాన్ని మూసేద్దాం మేస్త్రీ. కారతాంది," అన్నాను ఒకసారి.

"మూయొద్దప్పా. అది ఊపిరి తీసుకుంటాది."

నేను నవ్వాను. ద్రవపదార్థాలకు ఊపిరితిత్తులు ఉండవని ఆయనకు వివరించాను. ఆయన విని, "సరేలే," అని వెళ్లిపోయాడు. రంధ్రం మాత్రం అట్లాగే ఉంది.

ఒక వేసవిలో కార్ఖానాకు ఎద్దు బొమ్మ పని వచ్చింది. కొలిమిగుండ్ల దగ్గరి పల్లెలో ఒక రైతుకు బండలాగుడు పోటీల్లో పేరున్న ఎద్దు ఉండేది. అది చచ్చిపోతే ఆయన వారం రోజులు సరిగా అన్నం తినలేదట. పొలంలో దాన్ని పూడ్చిన చోట నిలబెట్టడానికి ఆళ్లగడ్డలో ఒక శిల్పికి చెప్పి, ఛాతీ నుంచి కొమ్ముల దాకా నల్లరాతిలో చెక్కించాడు. చెక్కడం పూర్తయ్యాక ఆయనకు ఇంకొక కోరిక పుట్టింది. అలాంటిదే ఇంకొకటి ఇంటి మిద్దె మీద, వీధిలోకి చూస్తున్నట్టు ఉండాలి. రాతి బొమ్మను పెడితే మిద్దె కూలుతుందని తాపీవాళ్లు చెప్పారు. ఆయన మా యజమానికి బంధువు. "మా ఫైబర్‌తో చేస్తే ఆడపిల్ల కూడా ఎత్తుకుంటాది" అని యజమాని మాటిచ్చేశాడు. ఆళ్లగడ్డకు పోయి, రాతి బొమ్మ మీద ఫైబర్ పూసి అచ్చు తీసుకుని రావాలి.

మేస్త్రీ నేనూ పోవాల్సింది. బయలుదేరే ముందురోజు మేస్త్రి కూతురికి నొప్పులు మొదలయ్యాయని కబురొచ్చి ఆయన పగిడ్యాల బస్సెక్కాల్సి వచ్చింది. వారం ఆగుదామన్నాడు యజమాని. "ఎందుకన్నా, నేనొక్కణ్నే పోయొస్తా," అన్నాను. మేస్త్రి సంచి భుజానికి తగిలించుకుని కూడా వెనక్కి వచ్చాడు.

"కోబాల్టు ఈడనే రెజిన్‌లో కలుపుకోని పో. ఆడికి రెండు రకాలే తీసకపోవల్ల. హార్డనర్ కొంచెమే, ప్లాస్టిక్ డబ్బాలో, రంధ్రం మూతతో. బస్సులో వద్దు, అన్న జీపడుగు. ఎండలో పెట్టొద్దు. అద్దాలు నెత్తిన గాదు, కండ్లకు పెట్టుకో."

"అట్లనే మేస్త్రీ," అన్నాను.

ఆయన బస్సు కదలగానే నేను ఆ ఐదు మాటల్నీ వరసగా పక్కన పెట్టాను. ఆళ్లగడ్డలో ఎండ ఎంత ఉంటుందో చూసి, దాన్నిబట్టి కోబాల్టు ఎంత వేయాలో అక్కడే తేల్చుకుందామనుకున్నాను. అందుకని మూడూ విడివిడిగా సర్దాను. జీపు అడగటానికి నామోషీ అనిపించింది. ప్లాస్టిక్ డబ్బా చూస్తే కిరసనాయిలు అమ్మేవాడిలాగా కనబడతానని, మందుల షాపులో తెలిసినవాణ్ని అడిగి మందపాటి గోధుమరంగు గాజు సీసా తెచ్చుకున్నాను. మా కాలేజీ ల్యాబులో గొప్ప రసాయనాలన్నీ అలాంటి సీసాల్లోనే ఉండేవి. దాన్నిండా హార్డనర్ పోసి, మరలమూత గట్టిగా బిగించి, చుక్క కూడా కారకుండా మూత చుట్టూ కొవ్వొత్తి మైనం కరిగించి పోశాను. ఆ పని అయ్యాక దాన్ని కిటికీ వెలుతురులో పట్టుకుని కాసేపు మెచ్చుకున్నాను కూడా.

మర్నాడు పొద్దున ఆళ్లగడ్డ బస్సులో రెజిన్ డబ్బా టాపు మీదికి ఎక్కించి, సీసా ఉన్న సంచి ఒళ్లో పెట్టుకుని ఎండవైపు కిటికీ దగ్గర కూర్చున్నాను. కండక్టరు టిక్కెట్టు కొడుతూ సంచిలోకి తొంగిచూశాడు.

"ఏందప్పా అది?"

"మందు," అన్నాను.

"పొద్దున్నేనా?"

బస్సంతా నవ్వింది. పక్క సీటులో ముసలామె మాత్రం నవ్వలేదు. ఆమె మోకాళ్లు చూపించి, "నాయనా, ఈటికి పనికొస్తాదా?" అంది. నేను నవ్వుతూ కాదన్నాను. అవునని ఉంటే ఏమయ్యేదో ఇప్పటికీ తలుచుకోబుద్ధి కాదు. ఆ సీసా పగిలి ఉన్నా, నా పక్కన ఎవరైనా బీడీ వెలిగించి ఉన్నా, ఆ బస్సులో నవ్వినవాళ్లంతా ఏమయ్యేవాళ్లు? నేను మాత్రం ఆ రోజు కిటికీలోంచి పొలాలు చూస్తూ, రాగాలు తీస్తూ పోయాను.

శిల్పి ఇల్లూ పనిచోటూ ఒకటే. ముందు కొట్టం కింద ఉలుల చప్పుడు, నేలంతా రాతిపొడి. ఆయనకు యాభై దాటి ఉంటాయి, మాట తక్కువ. ఇంకా ఇద్దరు పనివాళ్లు. నీడలో ఒక ముసలావిడ బొంత కుడుతూ కూర్చుని ఉంది, శిల్పి తల్లి. ఎద్దు బొమ్మను చూడగానే నేను నోరు తెరిచి నిలబడిపోయాను. మెడ కింద ముడతలు, ముక్కుతాడు లాగిన చోట చర్మం ఒత్తుకున్న గుర్తు, అన్నీ ఉన్నాయి. తాకితే తల విదిలిస్తుందేమో అనిపించింది.

ఫైబర్ అంటుకోకుండా ముందు రాతికి మైనం పట్టించాలి. పొద్దుటి పూటంతా గుడ్డతో రుద్దాను. శిల్పి కాసేపు చూసి, "ఏందప్పా, ఎద్దుకు తలంటుతాండావా?" అన్నాడు. ఆయన నాతో అన్న మొదటి మాట అదే.

మధ్యాహ్నానికి రెజిన్ కలపడానికి కూర్చున్నాను. అప్పటిదాకా సీసా, కోబాల్టు బుడ్డి, మగ్గులు, అన్నీ ఎండలో ఒక బండ మీద వరసగా పేర్చి పెట్టాను, కాలేజీలో మా లెక్చరరు పేర్చినట్టు. పనివాళ్లు చుట్టూ చేరారు. జనం చేరితే నాకు నోరు ఊరుకోదు. పోగులు, ముడులు, వల, అంతా చెప్పాను. ముసలావిడ సూది ఆపి, "అయితే నేతపనేనా?" అంది. "అట్లాంటిదే అవ్వా," అన్నాను గొప్పగా. మగ్గులో రెజిన్ పోసి, కోబాల్టు వేసి కలిపాను. వేసేటప్పుడు కొంత బండ మీద ఒలికింది. తర్వాత హార్డనర్ సీసా తీసుకున్నాను. వేడిగా ఉంది. మూత తిరగలేదు, నేను పోసిన మైనం పట్టేసింది. సీసాను రెండు మోకాళ్ల మధ్య ఇరికించి, మీదికి వంగి, పళ్లు బిగబట్టి తిప్పాను. కళ్లద్దాలు నెత్తి మీదే ఉన్నాయి.

ఠప్పుమంది. మూత ఎటు పోయిందో నాకు తెలియదు. లోపల అంతసేపూ పోగైన గాలి హార్డనర్‌ను చిమ్ముకుంటూ వచ్చి నా ముఖాన కొట్టింది. ఎడమ కంట్లో నిప్పు పెట్టినట్టయింది. కారం పడితే మంట కంటి మీద ఉంటుంది. ఇది కంటి లోపలికి దిగుతోంది. నేను అరుస్తూ రెండు చేతులతో కన్ను నలుపుకోవడం మొదలుపెట్టాను.

"ఆముదం వెయ్యండప్పా, ఆముదం!" అని పనివాళ్లలో ఒకడు అరిచాడు.

"ఆముదం తెచ్చినోని చేతులు ఇరగ్గొడతా," అంది ముసలావిడ. ఆమె నా చేతులు ముఖం మీద నుంచి లాగేసి, జుట్టు పట్టుకుని ఈడ్చుకుపోయింది. నేను అంత గౌరవించిన క్రాపు అలా పనికొచ్చింది. ఉలులు ముంచే తొట్టి దగ్గరే ఉన్నా అందులో మురికి నీళ్లు. ఆమె అక్కడ ఆగకుండా నన్ను ఇంట్లోకి తీసుకుపోయి, తాగే నీళ్ల బాన పక్కన కూర్చోబెట్టి, తల ఒక పక్కకు వంచి, రెండు వేళ్లతో రెప్పలు విడదీసి చెంబుతో పోయడం మొదలుపెట్టింది.

"తెరువు కన్ను! తెరువు!"

"మండుతాందవ్వా!"

"మండనీ. అది ఏం మందు? పడితే ఏం జేయల్లనో తెలుసా నీకు?"

నా చేతి గుండ్రటి అక్షరాలతో మూడో నియమం అక్కడ నంద్యాల గోడ మీద ఉంది. నాకు ఒక్క మాట గుర్తుకు రాలేదు. నాలుగైదు చెంబులయ్యాక, "చాలవ్వా, తగ్గింది," అని లేవబోయాను. ఆమె నా మెడ మీద మోకాలు పెట్టింది. "గమ్మునుండు. బాన అయిపోయేదాకా నువ్వు లేస్తే సూడు."

అప్పుడే బయట ఇంకొకటి జరిగింది. సీసా పడి హార్డనర్ బండ మీద పారింది. పనివాళ్లలో ఒకడు పాపం, మంచిపని చేద్దామని గోనెపట్టా తీసుకుని దాన్ని తుడిచాడు. అదే గోనెతో పక్కన ఒలికిన ఊదా కోబాల్టునూ తుడిచి ఒక మూలకు విసిరాడు. నాకు కనబడలేదు, వినబడింది మాత్రమే. ముందు బుసలు, తర్వాత "పొగ! పొగ!" అని కేకలు, వెంటనే గోనె భగ్గున అంటుకున్న చప్పుడు. నేను తల ఎత్తకుండానే, "సీసా దూరంగా పెట్టండి! ఆ రెండూ కలపొద్దు!" అని అరిచాను. ఆ రోజు మొత్తంలో నేను చేసిన పనికొచ్చే పని అదొక్కటే, అది కూడా ఆలస్యంగా. శిల్పి పార తీసుకుని, కొట్టంలో కుప్పగా ఉన్న రాతిపొడి ఎత్తి మంట మీద పోశాడు. నాలుగు పారలకు చల్లారింది. కొట్టం పైకప్పు బోదగడ్డి. మంట ఇంకొక మూర పైకి లేచి ఉంటే అంతా పోయేది.

బాన అయిపోయింది. ముసలావిడ రెండో బాన మూత తీసింది. అది కూడా సగం దాకా అయ్యాక నన్ను లేపింది. వేసవిలో ఆ నీళ్లు తేవడానికి ఆ ఇంటి ఆడవాళ్లు ఎంత దూరం నడిచేవాళ్లో నాకు ఆ రోజు తట్టలేదు.

శిల్పి తడి తుండు నా కంటికి అడ్డం పెట్టి, నంద్యాల బస్సెక్కించి తానూ ఎక్కాడు. బస్సు ఊరు దాటాక చెప్పాడు.

"మా నాయన కంట్లో సున్నం పడిందప్పా. నేను పసోణ్ని. ఊర్లో అందరూ జేరి ఆముదం వేసి గుడ్డ గట్టినారు. అమ్మ నీళ్లు పోస్తానంటే వద్దని కూర్చోబెట్టినారు. కన్ను పాయె. అప్పట్నుంచి అమ్మ ఎవుని మాటా వినదు."

కంటి డాక్టరు కళ్లలోకి లైటు వేసి చూసి, ఎవరు కడిగారని అడిగాడు. చెప్పాను. "ఇంకాస్త ఆలస్యమైతే ఈ కంటితో పని లేకపోయేది," అని కట్టు కట్టాడు. నేను కెమిస్ట్రీ చదివానని ఆయనతో చెప్పలేదు.

కట్టుతో పన్నెండు రోజులు మంచం మీద ఉన్నాను. రెండో కన్ను కూడా కదపొద్దన్నారని రెండింటికీ కట్టారు. ఆ చీకట్లో నాకు నిజంగా భయం వేసింది. కట్టు విప్పాక కనబడకపోతే ఏమవుతానా అని గంటలు గంటలు ఆలోచించేవాణ్ని. గుడ్డివాడైన కెమిస్ట్రీ గ్రాడ్యుయేటు ఏం పని చేస్తాడు? చూపున్నప్పుడే ఏమీ చేయలేదు కదా అని నాకే జవాబు తట్టేది. మా నాయన సాయంత్రం మంచం పక్కన మోకరించి ప్రార్థన చేసేవాడు. "తండ్రీ, ఆ అవ్వను దీవించు. నా బిడ్డకు చూపు నిలబెట్టు. నిలబెట్టేటప్పుడే కొంచెం బుద్ధి కూడా దయచేయి, నీకు వేరే శ్రమ లేకుండా." మా అమ్మ ఆమెన్ అని గట్టిగా అనేది.

కట్టు విప్పకముందే మేస్త్రి వచ్చాడు. మనవరాలు పుట్టిందని చెప్పి, మంచం అంచున కూర్చున్నాడు.

"ఏ సీసాలో పోసుకుంటివి?"

"గాజుది."

"మూత?"

"బిగించినా. మైనం గూడా పెట్టినా."

తిడతాడని ఎదురుచూశాను, తిడితే బాగుండుననిపించింది. ఆయన నా చేయి తీసుకుని తన కుడి చేతి మచ్చ మీద పెట్టాడు. "బొంబాయిలో నా పక్కన జేసేటోడు ఇట్లనే మాట వినక కోబాల్టు మగ్గులోనే హార్డనర్ పోసె. నాకు చెయ్యి కాలె. వానికి రెండు కండ్లూ పాయె. నీకు ఆపొద్దే ఈ మాట చెప్పింటే వినేటోనివేమో. చెప్పకపోతి," అన్నాడు. నిండు చేతుల చొక్కా దర్జా కోసం కాదని, మందు మళ్లీ ఒంటి మీద పడకుండానని అప్పటికి తెలిసింది. విని ఉండేవాణ్నని నేను అనలేకపోయాను.

కట్టు విప్పిన రోజు ఎడమ కంటికి లోకం మంచు పట్టిన అద్దంలోంచి చూసినట్టు కనబడింది. మెల్లగా చాలావరకు తేటపడింది. పనిలో చేరగానే నల్లబల్ల తుడిచేసి, మేస్త్రి చెబుతుంటే ఆయన మాటల్లోనే మళ్లీ రాశాను. "ఊదాది, తెల్లది నేరుగా కలపొద్దు. తెల్లది గాజులో పోయొద్దు. రంధ్రం మూయొద్దు. ఎండలో పెట్టొద్దు. కిందపడితే గోనెతో తుడవొద్దు, తడి ఇసుక వెయ్యి. కంట్లో పడితే ఎంత మండినా నీళ్లు పోస్తానే ఉండు." చదవడం వచ్చినవాళ్లు రానివాళ్లకు చదివి వినిపించారు. ఈసారి ఎవరూ నిద్రపోలేదు. యజమాని జీపుకు డీజిల్ పోయించి ఇచ్చాడు.

మేస్త్రీ నేనూ మళ్లీ ఆళ్లగడ్డ పోయి మూడు రోజుల్లో అచ్చు తీశాం. మేస్త్రి కలిపాడు, నేను అద్దాలు కళ్లకు పెట్టుకుని బ్రష్షు పట్టుకున్నాను. ఎద్దు తయారయ్యాక కొలిమిగుండ్ల దగ్గరి పల్లెకు తీసుకుపోతే, రైతు నిచ్చెన ఎక్కి, మిద్దె మీద దాని మెడ కింద చేయి పెట్టి చాలాసేపు నిలబడ్డాడు. ఊరంతా కింద నుంచి చూస్తోంది. దిగి వచ్చి కళ్లు తుడుచుకుని నన్ను అడిగాడు.

"వానకు కరుగుతాదా అప్పా?"

పోగులూ వలలూ అన్నీ నాలుక చివరికి వచ్చాయి. మింగేసి, "కరగదన్నా," అన్నాను.

ఆ తర్వాత ఒక రోజు ఆళ్లగడ్డ అవ్వకు ఒక ఫైబర్ తొట్టి తీసుకుపోయాను. ఆమె ఒకటిన్నర బాన నా కంట్లో పోసింది కాబట్టి, దానికి రెట్టింపుగా మూడు బానల నీళ్లు పట్టే తొట్టిని నా చేతులతో చేశాను. మెరిసేట్టు రుద్దాను. ఆమె దాన్నిండా నీళ్లు పోసి, ఒక గుక్క తాగి, ఉమ్మేసింది.

"ఏం కంపప్పా ఇది? మనుషులు తాగేదేనా?"

బర్రెకు పెట్టింది. బర్రె వాసన చూసి ముఖం తిప్పుకుంది. చివరికి దాన్ని కొట్టంలో బోర్లించి దాని మీద కూర్చుంది, కూర్చోవడానికి బాగుందని మెచ్చుకుంది. తర్వాత నా గడ్డం పట్టి వెలుతురుకు తిప్పి ఎడమ కన్ను చూసింది.

"కనపడతాందా?"

"కనపడతాందవ్వా. బాగనే ఉండాది."

ఆమె నమ్మలేదు. బొంతలోంచి సూదీ దారం తీసి ఇచ్చి, కుడి కన్ను మూసుకుని ఎక్కించమంది. మొదటిసారి దారం పక్కనుంచి పోయింది. రెండోసారీ అంతే. శిల్పి ఉలి ఆపి చూస్తున్నాడు. దారం కొస నోట్లో తడుపుకుని, మూడోసారీ నాలుగోసారీ తప్పాను. ఐదోసారి దూరింది. ఆమె నా చేతిలోంచి సూది తీసుకుని, ఆ తొట్టి మీదే కూర్చుని బొంత కుట్టుకోవడం మొదలుపెట్టింది.